వైపర్లు వేస్తేనే వెచ్చన

వంటింటి బల్ల,
చలి మొదలైన వారం

ఆడపడుచు గారికి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ చలికాలం కూడా రాలేనని రాశావు. ముందటేడు బస్సు పడదన్నావు, నిరుడు రైలు మెట్లు ఎత్తు అన్నావు, ఈసారి నడుము అంటున్నావు. చలిలో కారు సీటు మీద కూర్చుంటే నడుము కొయ్యబారిపోతుందట. నువ్వు రాయని కారణం ఇంకోటి ఉంది. అది నాకు తెలుసు. మీ అన్నయ్య పోయినప్పుడు మన హాల్లో కూర్చున్న చుట్టాలందరికీ తెలుసు. "వదిన నడిపే కారు మాత్రం ఎక్కను, కావాలంటే నడిచి పోతాను" అన్నావు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జీవితమంతా అరిచిన గొంతు కదా, వీధి చివరిదాకా వినపడింది. అప్పటికి నేను డ్రైవింగు నేర్చుకుని పట్టుమని నెల కాలేదు. గేటుకి ఒకసారి, పూలకుండీకి ఒకసారి తగిలించిన మాట నిజమే. ఇప్పుడు ఆ గేటూ లేదు, ఆ కుండీ లేదు, కాబట్టి ఆ భయమూ అక్కర్లేదు.

సరే, రాకపోతే మానెయ్. నేనేం బతిమాలే మనిషిని కాదు. వచ్చినా సరే, రాకపోయినా సరే.

ఇది వేరే సంగతి. నా నడుము కోసం కారు సీటులో వేసే హీటరు తెప్పించాను. దుప్పటి ముక్కల్లాంటి మెత్తటి పలకలు, వాటికి తీగలు, ఒక స్విచ్చి. సీటు విప్పి, పైగుడ్డ ఒలిచి, లోపలి స్పాంజి మీద ఈ పలకలు అతికించి, మళ్లీ గుడ్డ తొడగాలి. అప్పుడు కూర్చున్నంతమేరా వెచ్చగా ఉంటుందట. షాపువాడు "మెకానిక్కుని పంపమంటారా మామ్మగారూ" అన్నాడు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన దాన్ని, నాకు మెకానిక్కు ఎందుకు? "నీ మెకానిక్కు నా క్లాసులో ఫెయిలైన వాడే అయ్యుంటాడు, పిలవకు, ఇద్దరికీ ఇబ్బంది" అని చెప్పి వచ్చాను. కరెంటు గురించి ఇన్నేళ్లు చెప్పానే గానీ తీగని ఒక్కసారీ చేత్తో ముట్టుకోలేదన్న సంగతి వాడికి చెప్పలేదు.

మీ అన్నయ్య గది దులిపించాను. ఊరికే, దుమ్ము పేరుకుందని. కిటికీకి కొత్త తెర వేశాను. దానికీ నీకూ ఏ సంబంధం లేదు.

ఇట్లు,
వదిన


నా గది, కిటికీ పక్కన

వదినా,

నీ ఉత్తరం మా అమ్మాయికి చదివి వినిపించాను. "అత్తయ్యని ఎవరైనా ఆపండమ్మా" అంది. నిన్ను ఆపడం ఎవరి తరం? మా అన్నయ్య వల్లే కాలేదు.

మీ ఇంట్లో మిక్సీ తీగ ఊడిపోయిన రోజు గుర్తుందా? దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, కరెంటు ఎటునుంచి ఎటు పోతుందో నాకు పేపరు మీద బొమ్మ వేసి చూపించావు. బొమ్మ చాలా బాగుంది. పచ్చడి మాత్రం అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చాకే అయింది. ఆ మనిషివి ఇప్పుడు కుంపటి ఒకటి తయారు చేసి దాని మీద కూర్చుంటానంటున్నావు. కూర్చో. ఒంటి మీద మందపాటి చీర ఉండేలా చూసుకో.

నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నడుము నొప్పీ నిజమే, ఆ మాటా నిజమే. నన్ను రమ్మని నువ్వూ అనలేదు, వస్తానని నేనూ అనలేదు, కాబట్టి ఇందులో గొడవేం లేదు.

నా గది ఎలా ఉందని అడగలేదు నువ్వు. అయినా చెబుతాను. మూడు వైపులా కిటికీలే. గాలీ వెలుతురూ ధారాళం. ఒక మూల ఎప్పుడూ ఏదో సందడి, ఒంటరిగా ఉన్నట్టే ఉండదు. నీలాగా అంత కొంపలో గోడ గడియారం చప్పుడు వింటూ కూర్చునే ఖర్మ నాకు పట్టలేదు.

మధ్యలో అక్షరాలు వంకర్లు పోయాయి. వయసు, ఏం చేస్తాం.

నీ ఆడపడుచు

తా.క. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ తీసెయ్యాలట. మా అల్లుడు చెప్పమన్నాడు. మళ్లీ రెండుసార్లు చెప్పమన్నాడు. బ్యాటరీ తీగ తీసెయ్.


ఇంటి ముందు, నేల మీద పరిచిన పాత దుప్పటి

చిరంజీవి ఆడపడుచుకి,

బ్యాటరీ తీగ తీశాను. మీ అల్లుడికి నా ఆశీస్సులు, మంచి మార్కులు పడతాయని చెప్పు.

సీటు నాలుగు బోల్టుల మీద నిలబడి ఉంటుంది. మూడు మర్యాదగా ఊడి వచ్చాయి. నాలుగోది నీ రకం. పానా వేసి మెల్లగా అడిగాను, కదల్లేదు. నూనె పోసి అడిగాను, కదల్లేదు. చివరికి పట్టించుకోవడం మానేసి కాఫీ తాగి వచ్చాను. ఊడింది.

సీటు బయటికి లాగి వాకిట్లో పెట్టి, అలుపు తీర్చుకుందామని దాని మీదే కూర్చున్నాను. ఎదురింటి రిటైర్డు జడ్జి గారు నడకనుంచి వస్తూ ఆగి "సోఫా కొన్నారా" అన్నారు. "లేదండీ, కారు అమ్మేశాను, ఇది మిగిలింది" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి "పాపం" అని వెళ్లిపోయారు. కారు ఆయన వెనకే ఉంది. ఈయన తీర్పులతో ఎంతమంది జైళ్లకి పోయారో.

పైగుడ్డని స్పాంజికి పట్టి ఉంచేవి ఇనప రింగులు. చిన్నవి, మొండివి. మామూలు పటకారుకి చిక్కవు. నీ మేనల్లుడు తన పళ్ల క్లినిక్కులో పాతవైపోయాయని పక్కన పడేసిన పటకార్లు మా ఇంట్లో ఓ డబ్బాలో ఉన్నాయి. దవడ పళ్లు పీకేది అన్నింటికన్నా బాగా పనిచేసింది. ఒక్కో రింగూ పీకుతూ "నొప్పి ఉండదు, కళ్లు మూసుకో" అంటున్నానని నాకే కాసేపటికి తెలిసింది. నీ మేనల్లుడికి ఈ సంగతి చెప్పకు. వాటితో ఇంకెవరి నోరూ తెరిపించడులే, ఉత్త పాతవి.

పలకలు అతికించాను. కింది దానికి ఒకటి, వీపు దానికి ఒకటి. వీపు పలక కాస్త కిందికి జరిపి, సరిగ్గా నడుము దగ్గరికి వచ్చేలా పెట్టాను. గుడ్డ తొడిగాను. సీటు లోపలికి ఎక్కించేటప్పుడు డాష్‌బోర్డు సొరుగు మూత ఊడిపడి మోకాలికి తగిలింది, ఇప్పటికీ కమిలే ఉంది. బిగించేటప్పుడు ఆ నాలుగో బోల్టు మళ్లీ అడ్డం తిరిగింది. మర తప్పి వంకరగా ఎక్కింది. ఇప్పుడు ఇటూ రాదు, అటూ పోదు. గట్టిగా మాత్రం ఉంది.

సీటు కింద నీ చదివే కళ్లద్దాలు దొరికాయి. మనం ముగ్గురం కలిసి సరస్సు చూడటానికి వెళ్లినప్పుడు హోటలువాళ్లు కొట్టేశారని నువ్వు గొడవ చేసినవి. మీ అన్నయ్య పాపం ఆ మేనేజరు చేత నీకు క్షమాపణ కూడా చెప్పించాడు. ఒక దండి వంగింది. సరిచేశాను.

వదిన


నా గది

వదినా,

ఉత్తరం ఒకసారి చదివి మడిచాను. మళ్లీ విప్పి చదివాను.

నీ నడుము కోసం కదా ఈ హీటరు? నువ్వు కూర్చునేది స్టీరింగు ముందు. అక్కడ సీటు ఎక్కించేటప్పుడు అడ్డం రావలసింది స్టీరింగు. నీ మోకాలికి తగిలింది డాష్‌బోర్డు సొరుగు మూత. ఆ సొరుగు ఉండేది పక్క సీటు ముందు. నా కళ్లద్దాలు పడింది నేను కూర్చున్న పక్క సీటు కింద. వదినా, నువ్వు విప్పింది ఎవరి సీటు?

ఎక్స్ఛేంజిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ మాట మింగేస్తున్నారో వినడమే నా ఉద్యోగం. నా దగ్గరా నీ నాటకాలు?

కళ్లద్దాలు పార్సిలులో పంపించు. అవి లేకుండా ఇన్నాళ్లు బానే ఉన్నాను గానీ నావి నావే.

ఆడపడుచు

తా.క. ఆ మేనేజరు మొహం చూస్తే దొంగ మొహమే. నేను అన్నది తప్పు కావచ్చు, అనుకున్నది తప్పు కాదు.


కారు, డ్రైవరు సీటు (వేడి లేనిది)

నేరపరిశోధక శాఖ వారికి,

పక్క సీటే విప్పాను. అయితే ఏమిటి? డ్రైవరు సీటుకి స్టీరింగు అడ్డం. ఏ ప్రయోగమైనా ముందు సులువైన దాని మీద చేసి, చెయ్యి తిరిగాక అసలు దాని మీద చేస్తాం. డాక్టరు చదివే పిల్లలకి కోత నేర్చుకోమని ముందు కప్పనిచ్చేది అందుకే. నా సీటు తర్వాత చేసుకుంటాను. తొందరేం లేదు, నా నడుము ఈమధ్య బాగానే ఉంది.

ఇక కరెంటు సంగతి. హీటరు అసలు కరెంటు బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. కానీ ఇంజను తాళం తిప్పినప్పుడే అది రావాలి, లేకపోతే బండి ఆగి ఉన్నా సీటు కాగుతూ బ్యాటరీని పీల్చేస్తుంది. అందుకని తాళం తిప్పితే వెలిగి, తీస్తే ఆరిపోయే తీగ ఒకటి డాష్‌బోర్డు కింద వెతికి, హీటరు చిన్న తీగని దానికి కలపాలి. తల కింద, కాళ్లు పైన పెట్టుకుని దూరాను. ఈ వయసులో నన్ను ఆ భంగిమలో చూసిన వాళ్లు ఎవరూ లేరు, జడ్జి గారు తప్ప. ఆయన కాళ్లని చూసి నమస్కారం పెట్టి వెళ్లారు.

తాళం తిప్పాను. టెస్టరు పెట్టాను. వెలిగింది. తాళం తీశాను. ఆరింది. ఇంకేం కావాలి? కలిపాను. పక్క సీటులో కూర్చున్నాను. వీపు వెనక ఎవరో వెచ్చటి అరచెయ్యి ఆనించినట్టు నిమిషంలో వేడి పాకింది. బయట తుంపర పడుతోంది. నేను మాత్రం ఎండలో పిల్లిలా కూర్చున్నాను. చాలాసేపు దిగబుద్ధి కాలేదు.

మర్నాడు ఎండ కాసింది. స్విచ్చి వేశాను. చల్లగా ఉంది. మళ్లీ వేశాను. చల్లగానే ఉంది. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. పుస్తకం తీసి నేను చెప్పిన పాఠమే నేను చదువుకున్నాను. అదీ బాగానే ఉంది. సాయంత్రం పిట్ట రెట్ట వేసిందని అద్దం తుడుద్దామని పక్క సీటులోంచే చెయ్యి చాచి వైపర్లు వేశాను. వీపు వెచ్చబడింది. ఆపాను. చల్లబడింది.

ముందు రోజు తుంపరలో బజారు నుంచి వచ్చి వైపర్ల మీట ఆపకుండానే తాళం తీశాను. పరీక్ష చేసేటప్పుడు తాళం తిప్పగానే వైపర్లు కూడా ఆడుతున్నాయి. ఆడనీ పాపం అనుకున్నాను. నేను పట్టుకున్నది వైపరు తీగ. ఇప్పుడు వైపర్లు వేస్తేనే సీటు వెచ్చన. అదీ నెమ్మదిగా తిరిగితేనే. జోరుగా తిప్పితే వేడి ఆగిపోతుంది, ఆ తీగ వేరు.

మళ్లీ దూరి మార్చవచ్చు. కానీ డాష్‌బోర్డు కింది మూతకి ఉన్న కొక్కేలు విరిగాయి, దాన్ని టేపుతో అంటించాను, ఆ టేపు బాగా వచ్చింది. సూత్రం ప్రకారం నా సర్క్యూటులో తప్పేం లేదు. వాతావరణమే సహకరించడం లేదు.

కళ్లద్దాలు పార్సిలు చెయ్యను, పగులుతాయి.

వదిన


ఇంటి నుంచి

పూజ్యురాలైన వదిన గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం తెలియజేయగలరు. హీటరు పని పూర్తయినందుకు సంతోషం.

మా అమ్మాయి వాళ్లు ఇల్లు కాస్త అటూ ఇటూ సర్దుతున్నారు. సామాన్లు కదుపుతున్నారు. ఇంకో చిన్న మెషినేదో వస్తుందట, దానికి చోటు కావాలట. కొన్నాళ్లు ఉత్తరాలు రాయడానికి వీలు పడకపోవచ్చు. మీరు శ్రమ తీసుకోవద్దు.

కళ్లద్దాలు మీ దగ్గరే ఉండనివ్వండి. అవసరం లేదు.

ఇట్లు, విధేయురాలు


కారు, డ్రైవరు సీటు. పక్క సీటులో జడ్జి గారు

ఏమే,

నన్ను "మీరు" అన్నావు. నేను పెళ్లయి మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, నా పెట్టె మీద కూర్చుని "వదినా, నీకు ఈత వచ్చా" అని అడిగావు. ఆ రోజు కూడా నన్ను మీరు అనలేదు. గజం పొడుగు ఉత్తరాలు రాసే మనిషి పోస్టుకార్డు మీద మర్యాదలు రాస్తే ఏదో దాస్తోందనే అర్థం.

నువ్వు చెప్పవు కాబట్టి ముందు ఇక్కడి సంగతి చెప్తాను. జడ్జి గారికి వెన్ను బాధ. ఓ పొద్దున వైపర్లు ఎందుకు ఆడుతున్నాయని అడగడానికి వచ్చి, చెబితే నమ్మక, కూర్చుని చూశారు. అంతే. అప్పట్నుంచి రోజూ పేపరు పట్టుకుని వస్తున్నారు. "ఈ ఒక్క పేజీ" అంటారు, సంపాదకీయం దాకా లేవరు. ఆయన్ని చూసి పక్కింటి సంగీతం టీచరు వచ్చింది. ఆవిణ్ణి చూసి ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. మా ఇంటి ముందు చెప్పులు వరసగా ఉంటున్నాయి. కారులోకి చెప్పులతో ఎక్కవద్దని నేనే అన్నాను. వైపర్లు ఆడుతుంటే లోపల ఎవరో ఉన్నట్టు, ఆగితే ఖాళీ అయినట్టు. పొడి అద్దం మీద రబ్బరు కీచుమంటుంది. అందుకని ఎవరు కూర్చున్నా మధ్యమధ్య బాటిల్లో నీళ్లు అద్దం మీద చల్లే బాధ్యత తర్వాతి వంతు వాళ్లది. బ్యాటరీ కోసం ఇంజను నేను వేసి ఉంచుతాను. దూరం నుంచి చూసి వానేమో అనుకుని వీధి చివరావిడ ఆరేసిన బట్టలు తీసేసింది, రెండుసార్లు.

కాలనీ సెక్రటరీ ఒంటికాలి మీద లేచాడు. గోడకి నోటీసు అంటించాడు: "నిలిపి యుంచిన వాహనములలో గుంపుగా వేచి యుండుట, వాన లేని వేళ వైపర్లు ఆడించుట నిషేధము." జడ్జి గారు ఆ సీటులో కూర్చునే చదివి, వాన లేని వేళ అంటే ఏమిటో నిర్వచించలేదు కాబట్టి చెల్లదన్నారు. మర్నాడు సెక్రటరీ మెడ పట్టేసిందని మెల్లగా వచ్చాడు. "తనిఖీకి వచ్చానండీ" అన్నాడు. తనిఖీ ఇంకా పూర్తి కాలేదు, రోజూ వస్తున్నాడు.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను. అక్షరాలు మొదట్లో ముత్యాల్లా ఉంటాయి. మధ్యలో మెల్లగా వణుకుతాయి, తర్వాత దడదడలాడతాయి, ఉన్నట్టుండి మళ్లీ ముత్యాలు. వయసు అలా వచ్చి పోదు. బట్టలుతికే మెషిను పిండేటప్పుడు అలా వస్తుంది. మూడు వైపులా కిటికీలున్నది గది కాదు, అద్దాలు బిగించిన బాల్కనీ. ఒక మూల సందడి అంటే ఆ మెషిను. ఇప్పుడు బట్టలు ఆరబెట్టే మెషిను కూడా వస్తోంది. దానికి చోటు కావాలి. ఆ చోటు నీ మంచం.

నేనేం అడగడం లేదు. శనివారం కళ్లద్దాలు ఇవ్వడానికి వస్తున్నాను. అంతే.

వదిన

తా.క. జడ్జి గారు నమస్కారం చెప్పమన్నారు. ఇదంతా ఆయన పక్కనుంచి చదివేశారు.


బాల్కనీ

వదినా,

రావద్దు.

అవును, బాల్కనీయే. చలి కొడుతుంది. మెషిను తిరుగుతుంటే మంచం కూడా దానితోపాటు గోడ వైపు జరుగుతుంది, పొద్దున్నే మళ్లీ తోసుకుంటాను. కానీ మా అమ్మాయిని ఒక్క మాట అన్నావంటే ఊరుకోను. మనవరాలికి పెద్ద పరీక్షలు, దానికో గది కావాలి. బాల్కనీలో పడుకుంటానని నేనే అన్నాను. ఎవరూ తోయలేదు. కొత్త మెషిను వచ్చాక హాల్లో సోఫా మీద పడుకోమన్నారు. అల్లుడు టీవీ చప్పుడు తగ్గిస్తానన్నాడు. మంచి పిల్లాడే. కానీ అందరూ మంచివాళ్లు అయిన ఇంట్లో మనం అడ్డంగా ఉన్నామని మనకే తెలుస్తూ ఉంటే, ఆ మంచితనం ఎంత బరువో నీకు తెలీదు.

ఇక నీ సంగతి చెబుతాను, విను. అన్నయ్య పోయాక నన్ను ఎప్పుడైనా రమ్మన్నావా? "వచ్చినా సరే, రాకపోయినా సరే" అన్నావు. ప్రతి ఉత్తరంలో అదే. గది దులిపించావు, తెర వేశావు, దానికీ నాకూ సంబంధం లేదన్నావు. సీటు విప్పావు, నా నడుము దగ్గరికి పలక జరిపావు, అది కప్ప అన్నావు. ఇన్ని చేతనైన దానికి ఒక్క మాట అనడం చేతకాదా? కారు ఎక్కనని ఆ రోజు నేను అన్నది నీ డ్రైవింగు చూసి కాదు. మా అన్నయ్య సీటులో నువ్వు కూర్చోవడం చూడలేక. ఆ మాట అప్పుడు అనలేను కదా, అందుకని నెపం గేటు మీద పెట్టాను.

అన్నది అందరి ముందు అన్నాను. ఇప్పుడు వచ్చి ఎక్కితే చుట్టాలందరూ ముక్కున వేలేసుకుంటారు. కాబట్టి రావద్దు. కళ్లద్దాలు నువ్వే పెట్టుకో.

ఆడపడుచు


కారు

చిట్టి ఆడపడుచుకి,

ఆయన సీటులో కూర్చోవడం నాకూ కష్టంగానే ఉండేది. పక్క సీటు ఖాళీగా చూడటం ఇంకా కష్టం. ఈ విషయం ఇంతకన్నా రాయను.

నీ ఒట్టు సంగతి జడ్జి గారి ముందు పెట్టాను. మూడు పొద్దులు విచారణ జరిగింది. సంగీతం టీచరు నీ తరఫున వాదించింది, బాగానే వాదించింది, మధ్యలో ఒకసారి ఏడ్చింది కూడా. జడ్జి గారు వీపు వెచ్చబడ్డాక తీర్పు చెప్పారు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఆవిడ ఎక్కనన్నది వదిన నడిపే కారు. ఆగి ఉన్న కారుని ఎవరూ నడపడం లేదు, కాబట్టి అది వదిన నడిపే కారు కాదు. దాన్ని ఎక్కవచ్చు. తర్వాత కారు కదిలితే, ఆ సమయంలో ఆవిడ ఎక్కడం లేదు, కూర్చుని ఉంది. కూర్చోనని ఆవిడ ఎప్పుడూ అనలేదు. దిగేటప్పుడు కూడా ఆగిన తర్వాతే దిగాలి, లేకపోతే దెబ్బలు తగులుతాయి. ఇది తీర్పు కాదు, సలహా."

సెక్రటరీ దాన్ని టైపు చేయించి స్టాంపు వేశాడు. చుట్టాలెవరైనా అడిగితే చూపించు.

శనివారం పొద్దున్నే మీ వీధిలో ఉంటాను. గేటుకి దూరంగానే ఆపుతాను. వైపర్లు ఆడుతుంటాయి, గుర్తు పట్టడం కష్టం కాదు.

వదిన


కారు, పక్క సీటు. కదులుతోంది

వదినా,

నువ్వు నాతో మాట్లాడటం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు చదువుకో.

బయల్దేరేటప్పుడు నేను అన్నదాంట్లో తప్పేం లేదు. మా ఇంటి మలుపు దగ్గర హారన్ కొట్టాలి. కొట్టమన్నాను. "డ్రైవింగు స్కూల్లో నాకు ఎవరూ హారన్ నేర్పలేదు" అని మూతి బిగించావు. ఆ మూతి ఇంకా విప్పలేదు. అన్నయ్యకైతే ఈ మౌనవ్రతాలు అలవాటు. నాకు లేదు, నాకు లైను కలిపి మాట్లాడించడమే వచ్చు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. నువ్వు వైపర్లు వేసి, నిమిషానికోసారి మీట లాగి అద్దం మీద నీళ్లు చిమ్ముతూ, మహారాణిలా నడుపుతున్నావు. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ తల బయట పెట్టి ఆకాశం చూస్తున్నాడు. ఒక లారీ అతను తనూ వైపర్లు వేశాడు. దారి పక్క గొడుగు తెరిచిన ఆయన్ని చూశావా? ఆయన ఇంకా అలాగే నిలబడి ఉంటాడు పాపం.

మా అమ్మాయి వాకిట్లో ఏడ్చింది. నేను ఏడవలేదు. సంచీలు రెండే తెచ్చాను, ఎక్కువ రోజులకి తెచ్చుకున్నట్టు ఉండకూడదని. తీర్పు కాగితం పర్సులో పెట్టుకున్నాను. సీటు బాగుంది. నడుము దగ్గర సరిగ్గా వచ్చింది. ఆ పలక ఇంకాస్త పైకి పెట్టి ఉంటే ఇంకా హాయిగా ఉండేది, అయినా ఫరవాలేదు. నీకు ఇవన్నీ చెప్పకూడదు, నెత్తికెక్కుతావు.

నువ్వు నడపడం కూడా బాగానే ఉంది. మలుపుల దగ్గర అన్నయ్యలాగే గొంతు సవరించుకుంటున్నావు. అది నీకు తెలిసినట్టు లేదు.

ఒక్కటే అడగాలి. ఎన్నాళ్లకి తీసుకెళ్తున్నావు? మా అమ్మాయి అడిగింది, చెప్పలేకపోయాను. చలి తగ్గేదాకానా? చెప్తే దాన్ని బట్టి సర్దుకుంటాను. కాదు, మర్యాదకి అడగడం లేదు. నిజంగా తెలియాలి.

ఆడపడుచు


పెట్రోలు బంకు, నీ కాగితం వెనక వైపు

నీకే,

చదివాను. హారన్ ఉన్నది కొట్టడానికే అన్న సంగతి ఒప్పుకుంటున్నాను. వచ్చే మలుపులో కొడతాను, చెవులు మూసుకో.

మా ఇంటి దగ్గర బయల్దేరే ముందు, నీ నడుముకి నప్పదేమోనని పలక ఇంకాస్త పైకి జరుపుదామని, సీటు మళ్లీ విప్పించడానికి మెకానిక్కుని పిలిచాను. అవును, పిలిచాను. నా క్లాసులో ఫెయిలైన వాడు కాదు, పాసైన వాడేనట, వైపరు తీగ చూసి, పెద్దమనిషిలా మూత టేపు మళ్లీ అంటించేశాడు. ఆ నాలుగో బోల్టు దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. మర తప్పి ఎక్కింది, ఇక కోస్తే తప్ప రాదట. కోయనా అన్నాడు. వద్దన్నాను.

కాబట్టి ఆ సీటు అక్కడి నుంచి కదలదు. కదలని సీటులో మనిషి ఉండాలి, లేకపోతే జడ్జి గారు పేపరుతో వచ్చి కూర్చుంటారు. ఎన్నాళ్లు అన్నావు. ఆ బోల్టు ఉన్నన్నాళ్లు.

నాకు రాని మాట ఒకటుందన్నావు. అది నోటితో రాదు, రాతలో ఒకసారికి వస్తుంది. ఉండిపో.

అడిగాను. మళ్లీ అడిగించుకోకు. పెట్రోలు కొట్టేశాడు, నీ కళ్లద్దాలు సొరుగులో ఉన్నాయి, మూత మెల్లగా తెరువు. ఇంక వైపర్లు వేస్తున్నాను. వెనక్కి ఆనుకుని కూర్చో.

వదిన